ఓడ ఇంజనీరుగారి కోటు

అక్క కొత్త ఫోను కొన్నది చెల్లెలి మీద అనుమానంతో కాదు, లోకం మీద అనుమానంతో. ఈ మాట ఆవిడే చెప్పింది, అదీ ఎవరూ అడక్కముందే. అడక్కముందే చెప్పే మాటల్లో ఏదో ఒక తిరకాసు ఉంటుందని చెల్లెలికి ఆ రోజే తట్టాల్సింది. తట్టలేదు.

ఇద్దరూ కవలలు. మధ్యలో ఏడు నిమిషాల తేడా. ఆ ఏడు నిమిషాల పెద్దరికాన్ని అక్క యాభై రెండేళ్లుగా చెలాయిస్తూనే ఉంది. ఇద్దరిదీ కలిపి ఒకటే దుకాణం. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, పొడవాటి బల్ల, ఆవిరి ఇస్త్రీపెట్టె. కొత్త బట్టలు కుట్టరు. ఎవరో కుట్టి పాడుచేసినవి బాగుచేస్తారు. ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం, కోట్ల భుజాలు సరిచేయడం వాళ్ల పని. మనిషి గుమ్మంలోకి రాగానే ముఖం కంటే ముందు భుజం కుట్టు చూసే రకం ఇద్దరూ. అక్కకి పెళ్లి కాలేదు. దుకాణం పైనున్న ఒంటి గదిలో ఉంటుంది, లోపలి నుంచే మెట్లు. చెల్లెలి మొగుడు బస్సు డ్రైవరు. రెండు స్టాపుల అవతల ఇల్లు. సాయంత్రం ఆరింటికి చెల్లెలు షట్టరు దించి ఇంటికి పోతుంది, అక్క మెట్లెక్కుతుంది.

రెండు నెలలుగా అక్కకి ఫోన్ల భద్రత పిచ్చి పట్టుకుంది. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. కాలేజీ లెక్చరరు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వస్తే, ముందు పాస్‌వర్డు పొడవు పెంచుకోమని క్లాసు పీకింది. తెలియని లింకు నొక్కితే ఏమవుతుందో, బ్యాంకు వాళ్లమని ఫోన్ చేసేవాళ్లు ఎలా మాట్లాడతారో, మెడలో టేపు వేసుకుని అభినయించి మరీ చూపించేది. పాత ఫోను తెర మీద వేలి మరక చూసి ఎవరైనా లాక్ కనిపెట్టేస్తారట. ఎవరైనా అంటే ఎవరే తల్లీ, ఆ దుకాణంలో ఉండేది ఇద్దరే కదా?

వీధి చివర ఫోన్ల షాపతను ఆవిడ బలహీనత ఇట్టే పట్టేశాడు.

“ఇది మీ ముఖం చూస్తేనే తెరుచుకుంటుందమ్మా. భూప్రపంచంలో ఇంకే ముఖానికీ లొంగదు.”

అచ్చు గుద్దినట్టు అలాంటి ముఖమే ఇంకొకటి అదే వీధిలో కూర్చుని ప్యాంటుకు జిప్పు వేస్తోందని పాపం అతనికేం తెలుసు! అక్కకి తెలియదా అంటే, ఆవిడకి ఆ ఊహే తట్టలేదు. ఎందుకంటే వాళ్ల లెక్కలో వాళ్లిద్దరికీ పోలికే లేదు. చెల్లిది చక్కని ముక్కు, నాది బండముక్కు అని అక్క నమ్మకం. అక్కది రాణీగారి నుదురు, నాది పిడికెడు అని చెల్లెలి బాధ. మిగతా జనానికి మాత్రం ఇద్దరూ ఒక్కటే. ఇరవై ఏడేళ్లు కాపురం చేసిన బస్సు డ్రైవరు కూడా దుకాణంలోకి వచ్చి వెనక నుంచి పిలవాల్సి వస్తే, పేరు పెట్టి పిలవడు. దగ్గి ఊరుకుంటాడు. ఎవరు విసుక్కుంటే ఆవిడే పెళ్లాం.

కొత్త ఫోను కూడా మొదట్లోనే ఒక హెచ్చరిక చూపించింది, కవలలుంటే ఈ తాళాన్ని పూర్తిగా నమ్మవద్దని. అక్క దాన్ని చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేసింది. అందరం చేసేది అదే కాబట్టి ఆవిణ్ణి ఒక్కదాన్నే అని లాభం లేదు. పైగా కెమెరాలోంచి ఎవరైనా తొంగిచూస్తారేమోనని దాని మీద చిన్న లైనింగు ముక్క అతికించింది. ఫోను తెరవాల్సి వచ్చినప్పుడల్లా ఆ ముక్కని కిటికీ పరదాలా ఎత్తి ముఖం చూపించి, మళ్లీ దించేది.

ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి జిప్పులు అయిపోయాయి. తెస్తానని అక్క సంచీ పట్టుకుని బయల్దేరింది. ఫోను మాత్రం బల్ల మీదే మరిచిపోయింది.

పది నిమిషాలకు ఫోను మోగినంత పని చేసి ఆగింది. మెసేజీ. తెర మీద ‘జిప్పుల షాపు’ అని పేరు. పొడవాటి జిప్పులు లేవంటున్నాడేమో, అక్క అనవసరంగా నడిచి పోయిందేమోనని చెల్లెలు ఫోను చేతిలోకి తీసుకుంది. లైనింగు పరదా పక్కకి వేలాడింది. ఫోను ఆమెని ఒకసారి చూసింది. చూసి, తెరుచుకుంది.

చెల్లెలికి ముందు ఒళ్లు మండింది. ‘అంటే నాదీ దానిదీ ఒకటే ముఖమా?’ అనుకుంది. తర్వాత మెసేజీ చదివింది.

‘ఈరోజు అలలు నెమ్మదిగా ఉన్నాయి. మీ నవ్వు గుర్తొచ్చింది.’

జిప్పులవాడికి అలలేమిటి? చెల్లెలు కుర్చీలో కూలబడింది. ఒకరి ఉత్తరాలు ఇంకొకరు చదవకూడదని ఆమెకి తెలుసు. తెలిసే పైకి జరిపి చదివింది. పైన రెండు నెలల మెసేజీలున్నాయి. అతనొక ఓడ ఇంజనీరు, నడిసముద్రంలో ఉంటాడు, భార్య పోయింది, ఏకాకి. అక్క రాసినవి దాదాపు అన్నీ సాయంత్రం ఆరు దాటాకే. ‘ఇవాళ ఒక కోటుకి లైనింగు మొత్తం మార్చాను, వేళ్లు లాగుతున్నాయి’ అని రాసింది. ‘మీరు చాలా గొప్పవారు’ అని జవాబు. ‘నిన్నటి నుంచి జ్వరంగా ఉంది’ అంటే, ‘వినడానికి చాలా సంతోషం’ అని జవాబు. ఒకేసారి పదిమందికి రాస్తుంటే ఇలాంటి పొరపాట్లు తప్పవు మరి, పాపం!

ఇంజనీరుగారి ఫొటో కూడా ఉంది. తెల్ల కోటు, భుజాల మీద బంగారు పట్టీలు. దాని కిందే అక్క పంపిన ఫొటో. అది చూసి చెల్లెలు నోరు తెరిచింది. అది అక్క ఫొటో కాదు. పోయినేడు తను ఆకుపచ్చ స్వెటరు వేసుకుని తీయించుకున్నది.

ఆ అలల మెసేజీకి సరిగ్గా పైన పొద్దున వచ్చిన మెసేజీ ఉంది. ‘మీ కోసం ఒక మంచి కుట్టు మిషను పంపాను. ఓడరేవులో మీ పేరు మీద విడిపించాలి. ఈ లింకు నొక్కి యాప్ వేసుకోండి. సరిగ్గా నాలుగింటికి ఫోన్ చేస్తాను. మీ ఫోనుకు వచ్చే ఆరంకెల నంబరు నాకు చదివి చెప్పండి.’ దానికి అక్క జవాబు ఒకే ఒక్క ముక్క. ‘సరే.’

కాజాలు కుట్టే మిషను కోసం ఇద్దరూ ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా ఆ ఫోనులోని బ్యాంకు ఖాతాలోనే ఉంది. గోడ గడియారంలో మూడూ ఇరవై.

ఆ దరిద్రుణ్ణి అక్కడికక్కడే తొలగించేద్దామని వేలు పెట్టింది. ఫోను ఎలాగూ తన మాట వింటోంది. కానీ వేలు అక్కడే ఆగిపోయింది. రేపటి నుంచి మెసేజీలు రాకపోతే అక్క ఏమనుకుంటుంది? నన్ను కాదని పోయాడనుకుంటుంది. గదిలో ఒక్కతే కూర్చుని కారణం వెతుక్కుంటుంది. ఫోను ఉన్నచోటే పెట్టేసి, పరదా దించింది.

అక్క మూడున్నర దాటాక జిప్పులతో వచ్చింది. చెల్లెలు మిషను తొక్కుతూ ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టింది.

“అక్కా, మొన్న ఆ లెక్చరరుకి ఏదో చెప్పావే, ఆరంకెల నంబరు గురించి.”

“దేవుడొచ్చి అడిగినా చెప్పొద్దన్నాను.”

“దేవుడు కాకుండా ఇంకెవరైనా అడిగితే?”

“ఎవరడిగినా అంతే.”

“బాగా తెలిసినవాళ్లయితే? దూరంగా ఎక్కడో ఉన్నవాళ్లయితే?”

అక్క జిప్పులు లెక్కపెట్టడం ఆపి చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

“నీకెవడైనా ఫోన్ చేస్తున్నాడా ఏంటే? మెత్తగా మాట్లాడే మగాళ్లని చచ్చినా నమ్మకు. అసలే నువ్వు వట్టి వెర్రిబాగుల దానివి.”

చెల్లెలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగుకి పది నిమిషాలుందనగా అక్క ముఖం కడుక్కుంది. తల దువ్వుకుంది. ఫోనులో మాట్లాడటానికి తల దువ్వుకోవడం ఎందుకో ఆ దువ్వెనకే తెలియాలి.

“పైన కాస్త పనుంది. పావుగంటలో వస్తా” అని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

“అక్కా, ఆ యాప్ వేయకు.”

అక్క వెనక్కి తిరగలేదు. “ఏ యాపు?”

“జిప్పుల షాపువాడు పంపింది.”

అక్క తిరిగింది. ముఖం ఎర్రబడి ఉంది.

“నా ఫోను నువ్వెలా తెరిచావు? నా ముఖం లేనిదే అది చచ్చినా తెరుచుకోదు.”

“నన్ను చూసి తెరుచుకుంది.”

“అబద్ధాలాడకు.” అక్క గబగబా వచ్చి, పరదా ఎత్తి, ఫోను చెల్లెలి ముఖం ముందు పెట్టింది. అది టక్కున తెరుచుకుంది. “దీనికి కళ్లు పోయాయా? నీ ముక్కెక్కడ, నా ముక్కెక్కడ! ఉండు, ఆ షాపువాడి సంగతి చెప్తా.”

“ముక్కుల సంగతి తర్వాత. వాడికి నా ఫొటో ఎందుకు పంపావు?”

అక్క మెట్టు మీద కూర్చుండిపోయింది. కోపం అంతా ఎటో పోయింది.

“నువ్వు బాగుంటావు కదే” అంది.

ఇద్దరం ఒకేలా ఉంటాం కదక్కా అనబోయింది చెల్లెలు. ఆ మాట జన్మలో ఒప్పుకోనిది తనే అని గుర్తొచ్చి ఊరుకుంది. దాని బదులు వచ్చి పక్కనే కూర్చుని, ఇంజనీరుగారి ఫొటో తీసి చూపించింది.

“వీడు ఇంజనీరు కాదక్కా. కోటు చూడు. భుజం రెండంగుళాలు జారింది. చేతులు వేళ్ల మీదికొచ్చాయి. వెనకాల పిన్నులు పెట్టి బిగించారు, అందుకే గుండీల దగ్గర ఈ అడ్డ ముడతలు. ఇది ఎవరిదో స్టూడియో కోటు.”

“ఎడమ జేబు కింద లైనింగు కూడా చిరిగి బయటికొచ్చింది” అంది అక్క. “నువ్వు దాన్ని చూసుకోలేదు.”

చెల్లెలు ఆవిడ వైపు చూసింది. “అంటే నీకు తెలుసా?”

“మొదటి రోజే తెలుసు. ముప్పై ఏళ్లుగా కోట్లు విప్పి కుడుతున్నాను, ఆ మాత్రం తెలీదా?”

“మరి ఎందుకక్కా?”

“ఎందుకేంటి? ఆరింటికి నువ్వు షట్టరు దించేసి పోతావు. మళ్లీ పొద్దున తొమ్మిదింటి దాకా నాతో మాట్లాడే నాథుడు లేడు. వీడు మాట్లాడాడు. దొంగో దొరో, ఇవాళ ఏం కుట్టావని అడిగాడు. నువ్వెప్పుడైనా అడిగావా?”

పక్క మిషను మీద కూర్చునేదాన్ని, నేనెందుకడుగుతాను అని చెల్లెలు అనలేదు. ఆమెకి సిగ్గేసింది. నిజంగానే, ఆరు దాటాక అక్క ఏం చేస్తుందో ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆలోచించలేదు.

“యాప్ వేసేదానివా మరి?” అని నెమ్మదిగా అడిగింది.

“ఏమో. నిన్నటి దాకా వేయననే అనుకున్నా. పొద్దున లేచాక, వేయకపోతే రేపటి నుంచి మాట్లాడడు కదా అనిపించింది.” అక్క ఫోను కేసి చూస్తూ ఉండిపోయింది. “నాలుగయితే గానీ నాకే తెలిసేది కాదే.”

నాలుగయింది. చెప్పిన సమయానికి ఠంచనుగా ఫోను మోగింది. మోసగాళ్లకుండే క్రమశిక్షణ మంచివాళ్లకుంటే లోకం ఎప్పుడో బాగుపడేది. చెల్లెలు చెయ్యి చాచలేదు. ఇది అక్క చేయాల్సిన పని. అక్క రెండు మూడు రింగులు పోనిచ్చి, గొంతు సవరించుకుని ఎత్తింది.

“ఇంజనీరుగారూ, మీ కోటు భుజం రెండంగుళాలు జారిందండీ. తీసుకొస్తే సరిచేసి ఇస్తాం. లైనింగు పని వేరే అవుతుంది” అంది.

అవతల మనిషి ఫోను పెట్టేశాడు. సూదిలో దారం ఎక్కించేంత సేపు కూడా పట్టలేదు, రెండు నెలల ముచ్చట అలా అయిపోయింది. అక్క ఆ నంబరుని తనే తీసేసింది. తీసేసి, పకపకా నవ్వింది. చెల్లెలూ నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో తెగి, ఇద్దరూ ఏడ్చారు. ఒకళ్లనొకళ్లు చూసుకుని, నీకు ఏడుపు బాగోదంటే నీకు బాగోదనుకున్నారు.

తర్వాత పనిలో పడ్డారు. రెండు ప్యాంట్లు, ఒక స్కూలు బ్యాగు జిప్పు అయ్యాయి. ఆరింటికి చెల్లెలు లేచి షట్టరు దించింది. అయితే లోపలి నుంచి దించింది.

“అదేంటే? ఇంటికి పోవా?”

“ఇవాళ పైకొస్తున్నా.”

“మరి మీ ఆయన?”

“అంత పెద్ద బస్సు నడిపే మనిషి, ఒక్క పూట వడ్డించుకు తినలేడా? రా, వెళ్దాం.”

అక్క మెట్ల దాకా వెళ్లి ఆగిపోయింది. పైకి ఎక్కదు, కిందికి రాదు. గది సర్దలేదేమో, అందుకు సిగ్గుపడుతోందేమో అనుకుంది చెల్లెలు.

“మళ్లీ ఏమైంది?”

“పైన కుర్చీ ఒకటే ఉందే” అంది అక్క.

చెల్లెలు తన మిషను ముందున్న ముక్కాలిపీట తీసి చంకన పెట్టుకుంది.

“పొద్దున్నే మళ్లీ దాన్ని కిందికి మోసుకురావాలి” అంది అక్క, పెద్దరికం వదులుకోలేక.

“మోస్తాలే. నువ్వు ముందు నడిచి లైటు వేయి.”