చుక్కాని దగ్గర కోరిన్

మా పడవ బురదలో దిగబడినప్పుడు నేను కింద వంటగదిలో ఉడికిన గుడ్లు వలుస్తున్నాను. రేడియోలో మాత్రం చుక్కాని పట్టుకుని ఉన్నాను.

“లేడీ కోరిన్ ఆగిపోయింది. నీళ్లు తీస్తున్నాయి, మళ్లీ పోటు వచ్చేదాకా కదల్లేం. చుక్కాని దగ్గర మా ఆవిడ ఉంది లెండి,” అన్నాడు లైల్ పైనుంచి, వెనక వస్తున్న పడవలన్నిటికీ వినపడేలా. రేడియోలో ఎవరో నవ్వారు. నా చేతిలో గుడ్డు చితకలేదు, ఏమీ కాలేదు. ఇంకోటి తీసుకుని వలిచాను.

లేడీ కోరిన్ అంటే పడవ. కోరిన్ అంటే నేను. లైల్ ఉద్యోగం మానేశాక, చేపల ట్రాలర్ ఆకారంలో కట్టిన ఈ ఇంటిపడవ కొని, వెనక బంగారు అక్షరాలతో నా పేరు రాయించాడు. ఆ తర్వాత నేనేం అడిగినా “నీ పేరే పెట్టానుగా, ఇంకేం కావాలి?” అన్నదే జవాబు. అడిగింది ఒకటే. వర్జీనియాలో బయల్దేరి, తీరం వెంబడి కాలువలూ నదులూ దాటుకుంటూ జార్జియా చిత్తడినేలల దాకా వచ్చాం కదా, ఒక్కపూట చుక్కాని నాకిమ్మని. ముందు తాడు సరిగ్గా విసరడం నేర్చుకోమన్నాడు.

ఈ నీళ్ల మీద తిరిగే దంపతులకి ఒక పద్ధతుంది. నీలం పనులు మగవాళ్లవి: చుక్కాని, ఇంజను, వాతావరణం గురించి దిగులుపడడం. గులాబీ పనులు మావి: వంట, బట్టలు, మరుగుదొడ్డి, తాళ్లు, రేవు చేరేటప్పుడు పడవ ముక్కు మీద నిలబడి తిట్లు తినడం. ఇంట్లో ముప్ఫయ్యేళ్లు చేసిందే, కాకపోతే ఇక్కడ నేల కదులుతుంది. రంగులు చెప్పి పంచారు కాబట్టి సరదా అనుకోవాలి. వాళ్లు కెప్టెన్లు, మేము అడ్మిరల్స్. అడ్మిరల్ది పెద్ద హోదా. అందుకే గిన్నెలు మేం కడుగుతాం.

దిగబడే ముందు చెప్పాను కూడా. దారి చూపించే తెరమీద గీతని నమ్మకు, ఇక్కడ బురద ఏటా చోటు మారుతుంది, బయట నీళ్లలో పాతిన ఎర్రగుర్తు చూసి తిప్పు అని. నన్ను గుడ్లు చూసుకోమన్నాడు. కిందికెళ్లి చూసుకున్నాను.

నీళ్లు తిరిగొచ్చాక పడవ తేలింది. సాయంత్రం రేవులో మామూలుగానే అందరం తలో గిన్నెడు తిండి, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకొచ్చి కూర్చున్నాం. పక్క పడవ వర్జిల్ మొదలుపెట్టాడు.

“ఆవిడకి చుక్కాని అప్పజెప్పి నువ్వెక్కడున్నావయ్యా లైల్, స్నానానికెళ్లావా?”

“ఇలా కళ్లు తిప్పానో లేదో, అడ్మిరల్ గారు నేరుగా గడ్డిలోకి పోనిచ్చారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు. వర్జిల్ భార్య నడీన్ నా పక్కకి జరిగి, “పోనీలే తల్లీ, మా ఆయన గుద్దిన స్తంభాలు రెండు నా పేరు మీదున్నాయి,” అంది మెల్లిగా.

కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. నేను కాదంటే నలుగుర్లో మొగుడి పరువు తీసినదాన్నవుతాను. ఊరుకుంటే రేపు మళ్లీ తాళ్లే. నేనే అంటే ఏమవుతుందో మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేరు.

“నిజమే, తప్పు నాదే,” అన్నాను. “గీతని నమ్మి పోనిచ్చాను. చెయ్యి తిరగాలంటే రోజూ నడపాలి. రేపట్నుంచి చుక్కాని నాది. తాళ్లు లైల్ చూసుకుంటాడు.”

“అదీ మాటంటే. పడ్డచోటే లేవాలి,” అన్నాడు వర్జిల్. అందరూ లైల్ వైపు చూశారు. లైల్ నోరు తెరిచాడు. కాదనాలంటే ముందు నిజం చెప్పాలి. నా గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

పొద్దున్నే పైకెక్కి కూర్చున్నాను. కుర్చీ అతని కాళ్ల కొలతకి ఉంది. మీట నొక్కి దించుకున్నాను. పడవ ముక్కు మీద లైల్ తాడు పట్టుకుని వెనక్కి తిరిగి ఏదో అన్నాడు, ఇంజను చప్పుడులో వినపడలేదు. సంతోషం లాంటిదేమీ కలగలేదు. ఎంత లోతుందో చూసుకుంటూ పోనిచ్చాను.