మిస్ ఒడెల్ కదలడం లేదు

సెప్టెంబరు మొదట్లో ఒక రోజు, పాఠం మధ్యలో మిస్ ఒడెల్ ఆగిపోయింది. ఎడమ చెయ్యి గాలిలో ఉండిపోయింది. నోరు సగం తెరుచుకుని ఉంది. ఆవిడ ఎక్కడో దూరపు ఊళ్లో కూర్చుని, గోడమీది తెరలోంచి కాలిక్యులస్ చెప్పేది. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఆ బడికి సొంతంగా కాలిక్యులస్ టీచర్ని పెట్టుకునే స్తోమత లేదు.

మొదటి రోజు పిల్లలు ఓపిగ్గా ఎదురుచూశారు. వారం తిరిగేసరికి కాలెబ్ అనే పిల్లాడు తన విత్తనాల కంపెనీ టోపీని తెర అంచుకి తగిలించాడు. అది సరిగ్గా ఆవిడ నెత్తిన పెట్టినట్టు ఉంది. ప్రిన్సిపాలు తెర నడిపే కంపెనీకి ఫోన్ చేస్తే, క్లాసు అద్భుతంగా జరుగుతోందనీ, అందరికీ నూటికి నూరు మార్కులు పడుతున్నాయనీ వాళ్లు చెప్పారు. ఆయన చూసుకున్నాడు. నిజమే, పడుతున్నాయి. ఆ తర్వాత ఎవరూ దాని గురించి బెంగపడలేదు.

లెటా నోవోట్నీ ఒక్కతే బెంగపడింది. బడిలో ఆమెకది చివరి ఏడాది. వరదలో వాళ్ల పొలం దారిలోని వంతెన కొట్టుకుపోయినప్పటినుంచీ బడి బస్సు ఊరంతా చుట్టి వస్తోంది. ఆ బస్సులో కూర్చునే ఆమె వంతెనలు కట్టడం నేర్చుకోవాలని నిశ్చయించుకుంది. నది ఒడ్డున ఉన్న ఇంజనీరింగు కాలేజీకి దరఖాస్తు కూడా పెట్టింది. ఈ ఏడాది కాలిక్యులస్ చదువుతున్నానని అందులో చెప్పుకుంది. చేస్తున్నదేమో టోపీ పెట్టుకున్న బొమ్మ ముందు కూర్చోవడం.

క్లాసు మారతానని ఆమె గొణిగినప్పుడు కాలెబ్ తలపట్టుకున్నాడు.

"నీకేం పోయేకాలమే, లెటా? ఊరికే కూర్చుంటే నూటికి నూరు ఇస్తున్న మహాతల్లిని పట్టుకుని వంకలు పెడుతున్నావా?"

ఆ గంటలో ఖాళీ ఉన్నది ఒక్క పశువుల ఎంపిక క్లాసులోనే, పందుల్లో ఏది మేలైనదో తేల్చడం నేర్పే క్లాసది. క్లాసు మార్చుకోవాలంటే మిసెస్ హ్రుస్కాని అడగాలి. పిల్లలకి కాలేజీల విషయంలో సలహాలిచ్చేది ఆవిడే, వాలీబాల్ ఆడించేదీ ఆవిడే. మాంసం, చిక్కుళ్లు వేసి చిల్లీ వండే రోజున వంటగదిలో వడ్డించేదీ ఆవిడే. అందుకని లెటా పళ్లెం పట్టుకుని వరసలో నిలబడింది.

"చివరి ఏడాది లెక్కలు వదిలేసి పందుల్లోకి పోతే కాలేజీవాళ్లు ఏమనుకుంటారే పిల్లా?" అంది మిసెస్ హ్రుస్కా, గరిటె పైకెత్తి పట్టుకుని.

లెటా పళ్లెం ముందుకి చాపింది. వెనకాల వరస పెరుగుతోంది.

"పందులు కదులుతాయండీ" అంది.

మిసెస్ హ్రుస్కా నిట్టూర్చి, సరేనంది. చిల్లీ పక్కన దాల్చినచెక్క రొట్టె పిల్లకి ఒకటే ఇస్తారు. లెటాకి రెండు వేసింది, దూర ప్రయాణం వెళ్లేవాళ్లకి వేసినట్టు. ఆ సాయంత్రమే మిసెస్ హ్రుస్కా కాలేజీకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆ అమ్మాయితో మేమే ముఖాముఖి మాట్లాడాక సీటు సంగతి తేలుస్తామని వాళ్లన్నారు.

పశువుల క్లాసులో పని చూడ్డానికి సులువు. నాలుగు పందుల్ని ఒక దొడ్లో వదులుతారు. ఏది మొదటిదో, ఏది చివరిదో చూసి తేల్చాలి. ఆ తర్వాత కాగితం చూడకుండా, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, న్యాయనిర్ణేత కళ్లలోకి చూస్తూ కారణాలు చెప్పాలి. మొదటిసారి లెటా "మూడోది" అని, అక్కడే ఆగిపోయింది. కాలిక్యులస్ టీచరు జబ్బు అంటుకుందేమోనని ఎవరో అన్నారు.

ఆ క్లాసు చెప్పే మిస్టర్ స్టెంగర్ మాత్రం నవ్వలేదు. పందేమీ నొచ్చుకోదని చెప్పాడు. దేన్నయినా వరసలో కిందికి దించేముందు దానిలోని మంచిని ఒప్పుకోమన్నాడు. రోజూ ఎవరో ఒకరి ముందు నిలబడి అలవాటు చేసుకోమన్నాడు.

లెటాకి మనుషుల ముందు నోరు పెగలదు. వాళ్లు మధ్యలో తల ఊపుతారు, వాచీ చూసుకుంటారు. ఆలోచించగా తనెరిగినవాళ్లలో ఒక్క మనిషే ఆ పనులు చెయ్యదని తట్టింది. ఆ రోజునుంచీ తిండి గంటలో, క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు, మిస్ ఒడెల్ ముందు నిలబడి పందుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ నోరు తెరుచుకుని వినేది. అక్టోబరు దాటేసరికి లెటా గొంతు తలుపు బయటికి కూడా వినిపించేది.

నవంబరులో కాలేజీ ఆయన కంప్యూటర్లో కనిపించాడు. పేరు లాథ్రోప్. వాలీబాల్ బంతుల గదిలో, బంతుల బుట్టల మధ్య, మిసెస్ హ్రుస్కా కుర్చీలో లెటా కూర్చుంది. ఆయన కాఫీ కప్పు చేతిలోకి తీసుకుని, కాలిక్యులస్ ఎందుకు మానేశావని అడిగాడు. లెటా నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. వంతెన, నది, కాలేజీ అన్నీ మెల్లిగా దూరమవుతున్నట్టు అనిపించింది.

అప్పుడు చూసింది. కప్పు ఆయన నోటి దగ్గరికి వెళ్తూ మధ్యలో ఆగి ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. రెప్ప పడడం లేదు.

లెటా గుండె కుదుటపడింది. ఇలాంటి ముఖం ఆమెకి కొత్త కాదు. లేచి నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"నా క్లాసుల్ని పశువులు, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు, కాలిక్యులస్ అనే వరసలో పెడుతున్నానండీ. భౌతికశాస్త్రానికి ఎముక గట్టిది, ఒప్పుకుంటాను, కానీ నడకలో బిగుసుకుంటుంది. ఇంగ్లీషుకి ఒళ్లు పొడవు, కండ తక్కువ. కాలిక్యులస్ చూడ్డానికి అన్నిటికన్నా నిండుగా ఉంది. నూటికి నూరు మార్కులు. కానీ అడుగు వెయ్యడం లేదు. అడుగు వెయ్యనిదాన్ని నేను మొదట పెట్టలేను." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "నాకది అక్కర్లేక కాదు. అది రాకపోతే వంతెన నిలబడదు. నడిచే కాలిక్యులస్ ఎక్కడుంటే అక్కడికి వస్తాను. ఈ కారణాలవల్ల ఈ వరస పెట్టాను."

మిస్టర్ లాథ్రోప్ కాఫీ తాగాడు.

లెటా కూర్చోబోయి బంతుల బుట్ట మీద కూర్చుంది.

"నీ సంగతి కనుక్కుందామని మీ కాలిక్యులస్ టీచరుకి ఫోన్ చేశాం" అన్నాడాయన తాపీగా. "నీ అంత శ్రద్ధగా వినే పిల్లని ఎన్నడూ చూడలేదంది. కదలవట, కంటిరెప్ప కూడా వెయ్యవట. అది మనిషికి సాధ్యమేనా అని నేనూ కదలకుండా, రెప్ప వెయ్యకుండా కూర్చుని చూశాను. చాలా కష్టం. అయినా నువ్విప్పుడు బోలెడుసార్లు వేశావు."

మిస్ ఒడెల్ ఫోన్ ఎత్తడమేమిటో, తన గురించి అన్ని మాటలు చెప్పడమేమిటో లెటాకి అంతుపట్టలేదు. ఇంగ్లీషుకి కండ ఎక్కడ తగ్గిందని ఆయన అడిగాడు. తొడల దగ్గరండీ అని చెప్పింది. ఆయన అది రాసుకున్నాడు.

క్రిస్మస్ సెలవులకి ముందు మళ్లీ చిల్లీ వండిన రోజున, మిసెస్ హ్రుస్కా గరిటెతో గిన్నె మీద కొట్టి వరసలో అందరికీ వినిపించేలా చెప్పింది. లెటాకి సీటు ఇస్తారు. కానీ ఒక షరతు. ఎండాకాలంలోపు ఎవరి దగ్గరైనా కాలిక్యులస్ నేర్చుకోవాలి. వాళ్లే పరీక్ష పెడతారు. తప్పితే సీటు లేదు.

"ఎవరి దగ్గర నేర్చుకుంటావే ఇప్పుడు? పందుల దగ్గరా?" అన్నాడు కాలెబ్.

లెటా రొట్టె పట్టుకుని ఖాళీ క్లాసులోకి వెళ్లింది. ఈ మాట ముందు చెప్పుకోవాల్సింది ఎవరికో ఆమెకి తెలుసు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, సీటు వచ్చిందని, షరతు ఉందని, ఆ షరతు తీరే దారి లేదని వరసగా చెప్పింది.

మిస్ ఒడెల్ ఎడమ చెయ్యి కిందికి దిగింది. నోరు మూసుకుంది. టోపీ కింద ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"లెటా, నువ్వు కదిలావు" అంది.

తర్వాత చాలా సేపు ఆవిడే మాట్లాడింది. సెప్టెంబరునుంచీ తన తెరలో పిల్లలెవరూ కదలలేదట. అంత ఏకాగ్రత తన జన్మలో చూడలేదట. దగ్గితే చెదిరిపోతారేమోనని మంచినీళ్లు కూడా తాగకుండా రోజూ పాఠం చెప్పిందట. పుస్తకం సగానికి పైగా అయిపోయిందట. అలాంటి పిల్లలకి పరీక్షలెందుకని, అందరికీ నూటికి నూరు వేసేసిందట.

"మిగతా పిల్లలేరి?" అంది వెతుక్కుంటూ. "సరేలే. ఎవరికైనా సందేహాలున్నాయా?"

లెటా ఖాళీ బల్లల వైపు ఒకసారి చూసింది. రొట్టె పక్కన పెట్టి, అందరికన్నా ముందున్న బల్ల దగ్గర కూర్చుని, చెయ్యెత్తింది.

"ఉన్నాయండీ" అంది. "సెప్టెంబరునుంచీ."