పొసగని జత

గంజి చల్లారేలోగా పాత పరీక్షల పుస్తకంలోంచి అయిదు ప్రశ్నలు చేయడం ఈశ్వరప్పకు అలవాటైంది. నాలుగు జతలలో పొసగనిదాన్ని ఏరాలి. పరీక్ష ముగిసి పది రోజులైనా ఆ అలవాటు పోలేదు. భార్య మారమ్మ పోయాక గని కూలీల లైను ఇంట్లో అతనికి తోడు ఆ పాత పుస్తకమొక్కటే.

యాభై రెండేళ్ళ మనిషి. భుజాలు రాతికి రాసుకొని నల్లబారాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతాయి. రొమ్ములో రాతిధూళి చేరిందనీ, ఇక గనిలోకి దిగరాదనీ డాక్టరు నోటితో చెప్పాడే గాని కాగితం మీద రాయలేదు; రాస్తే తప్ప గనివాళ్ళు తమంతట పని మార్చరు. పైన హాజరు రాసే టైంకీపరు పని దొరికితే నాలుగేళ్ళు బతుకుతాడు. గని సర్కారు చేతికి వచ్చాక ఆ పనికి పరీక్ష పెట్టారు.

ఆఫీసు గోడకు అంటించిన పట్టికలో అతనికి ఒక్క మార్కు తక్కువైంది.

"ఏమప్పా టైంకీపరూ, ఇంగ మా హాజరు నువ్వే రాస్తావా?" అన్నాడు వెనక నుంచి, అతనితో డ్రిల్లు పట్టే ఓబలప్ప. ఈశ్వరప్ప ముఖం చూసి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

గుమాస్తాను బతిమాలి ఈశ్వరప్ప అధికారి గదిలోకి వెళ్ళి జవాబు కాగితం చూపించుకున్నాడు. తప్పిన ప్రశ్నలో నాలుగు జతలు: పగలు–వెలుతురు, రాత్రి–చీకటి, వేసవి–ఎండ, గని–గాలి. తక్కినవి మూడూ కాలానికి సంబంధించినవి గనుక వేరైనది గని–గాలి అని అధికారి నిదానంగానే వివరించాడు. కాగితంలో ఈశ్వరప్ప మాత్రం మొదటి జతకు సున్నా చుట్టాడు.

"గాలి లేకుంటే గని యాడుండాది సార్? పైపులో గాలి నిలిస్తే మేమూ నిలిచినట్లే. పగలూ వెలుతురూ అంటారా... ముప్పై ఏండ్లు పగలంతా నేను చీకట్లోనే గదా ఉండింది. అందుకే అది వేరని రాసినాను."

అధికారి కాగితం మడిచి ఫైలులో పెట్టాడు. తర్వాత, జవాబుల పట్టిక పైనుంచి వచ్చిందనీ, దాన్ని దిద్దే అధికారం తనకు లేదనీ చెప్పాడు. ఆ పట్టిక రాసినవాడు ఏనాడూ ఆ గనిలోకి దిగి ఉండడు. దిగినవాడి సాక్ష్యానికి మార్కు లేదు.

ఆ వారం అతనిది మధ్యాహ్నం రెండు గంటలకు మొదలయ్యే షిఫ్టు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి బట్టలు మార్చుకొని, అందరితో పాటు గనిలోకి దించే ఇనుప కేజిలో దిగాడు. డ్రిల్లు ఆగిన విరామంలో, కాస్త కూర్చొని వస్తానని ఓబలప్పతో చెప్పి, పైకప్పుకు ఊతంగా నిలిపిన దుంగకు ఆనుకున్నాడు. ఓబలప్ప రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవకుండా దగ్గరికి వెళ్ళి, తన తలమీది టోపీ తీశాడు.

పైన బట్టల గదిలో, ఈశ్వరప్ప ఆఫీసుకని ఇస్త్రీ చేయించుకొని తొడుక్కొచ్చిన తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు పెట్టి, కొక్కేనికి వేలాడుతూ ఉంది.