తద్దినం సూది

తడిపిన చీర పిండి దండెం మీద వేయడం కూడా పరీక్షే అయిపోయింది నాకు. రేపు మామయ్యగారి తద్దినం. ఎవరూ తాకకుండా ఆరిన ఆ చీర మడిగా కట్టుకుని నేనే వండాలి. మెలి తిప్పబోతే వేళ్ళు ముడుచుకోనంటున్నాయి. నిద్ర లేచాక రెండు గంటలదాకా అవి నా మాట వినవు. నీళ్ళోడుతున్న చీర అలాగే ఆరేసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాను. దొంగతనం చేసినట్టు ఈ భయమేమిటో!

నెల క్రితం విజయవాడలో కీళ్ళవాతానికి చూసే స్పెషలిస్టు నా చేతులు పట్టుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశారు. రక్తపరీక్షలు చూసి, ఇది పని ఎక్కువై వచ్చిన నొప్పి కాదమ్మా అన్నారు. "రోగాల మీద పోరాడాల్సిన శక్తే దారి తప్పి నీ కీళ్ళ మీద పడింది. వాపు ఆపకపోతే ఎముకని తినేస్తుంది. అలా వంగిన వేళ్ళు మళ్ళీ తిన్నగా రావు." వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర రాశారు. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుందనీ, మధ్యమధ్య రక్తం చూపించుకోవాలనీ, ఈలోగా ఎవరు పడితే వాళ్ళ చేత సూదులు వేయించుకోవద్దనీ చెప్పారు. "నొప్పి దాక్కుంటుంది, జబ్బు మాత్రం లోపల తన పని చేసుకుపోతుంది." బస్సులో తిరువూరు వచ్చేదాకా మా ఆయన ఒక్క మాటే అన్నారు, "మూడు నెలలా? మరి నాన్నగారి తద్దినమో?"

గారెలకు పప్పు రోట్లోనే రుబ్బాలి, మిక్సీ పనికిరాదు. భోక్తలు కాక బంధువులు పన్నెండు మంది. వంట చెడితే పితృదేవతలు అలుగుతారని నాకూ భయమే, చిన్నప్పటినుంచీ నూరిపోసిన భయం. వేళ్ళు పోతాయన్న భయం దానికి తోడైంది.

సాయంత్రం గుళ్ళో అర్చన ముగించుకుని వస్తూ మా ఆయన ఆరెంపీ డాక్టర్ని బండి మీద ఎక్కించుకొచ్చారు. "ఒక్క సూది, వేదా. నాలుగు రోజులు నొప్పన్నమాటే ఉండదు. పనైపోయాక నీ ఇష్టం." పనైపోయాక! నొప్పి నాది, సూది మాత్రం తద్దినానిది. డాక్టరు అప్పటికే సంచీ తెరిచి సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

అత్తయ్యగారు పక్కన కూర్చుని నా జాకెట్టు చెయ్యి పైకి మడవబోయారు. "భయమెందుకే పిచ్చిదానా. మా అత్తమామల తద్దినాలు ఇరవయ్యేళ్ళు ఈ సూదులతోనే నెట్టుకొచ్చా. ఒక్క ఏడూ వంట తప్పలేదు" అన్నారు ఎంతో గర్వంగా. ఆ మడత ఆవిడకి చిక్కలేదు. వేళ్ళన్నీ చిటికెనవేలి వైపు ఒరిగిపోయి, అంచు పట్టుకోలేక జారిపోతున్నాయి. పదిహేనేళ్ళుగా చూస్తున్న చేతులే, ముసలితనం అనుకున్నాను. వంగిన వేళ్ళు మళ్ళీ తిన్నగా రావన్న స్పెషలిస్టు మాట గుర్తొచ్చింది.

చెయ్యి లాగేసుకున్నాను. "నాకొద్దండి, మీరు వెళ్ళండి" అన్నాను డాక్టరుతో.

"మరి రేపు వంటెవరు చేస్తారు?" మా ఆయన గొంతు పెంచారు.

"మీరే. గుళ్ళో శివుడికి రోజూ మడి కట్టుకుని నైవేద్యం వండేది మీరేగా. దేవుడు తినే చేతివంట మీ నాన్నగారికి చాలదా?"