గోపాలరాజుగారి నిజమైన తిథి

హేమంతము ప్రవేశించి పరిపక్వ కలమకేదార పరిమళ వాసితంబయిన గౌతమీతీర ప్రదేశమంతయు ప్రాభాత నీహార ధవళావకుంఠనంబు వహించి కోతకాండ్ర పిలుపులును కోడిపుంజుల కూతలును దక్క వేఱొండు జాడ తెలియనీక నిద్దురమంపున నున్న యొక యుదయంబున కాకినాడకు బోవు కాలువ లాంచిలో ముసుగు సవరించుకొనుచు మాణిక్యాంబ యను వితంతువు కూర్చుండియుండెను. ఆమె పెనిమిటి హవల్దారు గోపాలరాజు బర్మా యుద్ధమున మడిసి యేండ్లు గడచెను. ఏ దినమున మడిసెనో మాత్ర మింటిలో నెవ్వరికిని తెలియదు. ఆ తిథి యొక్కటి తెలిసికొని వచ్చి యాదినముననే యాయనకు పిండము పెట్టింపవలెనని యామె తమ్ముడు సీతాపతిని వెంటబెట్టుకొని సైనికుల కచేరికి బయలుదేఱినది.

తిథి తెలియకున్నను తద్దినములు మాత్రము నిరాటంకముగ సాగుచునేయుండెను. అదెట్లందురా? ఆ యింటి పెద్దయు గోపాలరాజున కన్నయు నగు అచ్యుతరాజు ముహూర్తము చూడక మజ్జిగయైన పుచ్చుకొనని మహానుభావుడు. తమ్ముడు కనబడుటలేదని సైన్యమునుండి తంతి వచ్చిన కొలది మాసములకే యచ్యుతరాజు కూతునకు దివ్యమైన సంబంధము కుదిరెను. చావో బ్రతుకో తేలని మనిషి గల యింట పెండ్లిపందిరి యెట్లు వేయుదురని వియ్యాలవారు సణుగనారంభించిరి. పండ్రెండేండ్లు వేచియుండుట శాస్త్రమని పురోహితుడు పేరిశాస్త్రి చెప్పబోగా, కనబడలేదనిన పోయినట్లే గదా యని గదమాయించి యాయన నోరు మూయించి, దర్భలతో తమ్ముని బొమ్మ చేయించి దహనము గావించి పదియవనాడు మఱదలి బొట్టు చెరిపించి గాజులు పగులగొట్టించి మైల వదలినదే తడవుగ బాజాభజంత్రీలతో కూతు పెండ్లి చేసెను. ఆ బొమ్మను దహించిన తిథికే యేటేట తద్దినమును పెట్టించుచుండెను. ఆనాడు మాణిక్యాంబ మనసు పెనిమిటి బ్రదికియున్నాడని గోలపెట్టినను నోరు పెగలలేదు. ఆ మౌనమునకే యామె యిన్నేండ్లును లోలోన కుమిలిపోవుచుండెను.

కచేరిలోని యుద్యోగి కాగితముల కట్ట విప్పి చదివి తలయెత్తి యామెవంక వింతగ జూచెను.

"మీవారు శత్రువుల చెరలోంచి తప్పించుకొచ్చారమ్మా. కొన్నాళ్ళు అస్సాంలో ఆస్పత్రిలో ఉన్నారు. ఇంటికెళ్ళమని సెలవు కూడా ఇచ్చారు. ఆయనే వద్దని, ఇంటికి కబురు కూడా పంపొద్దని రాసిచ్చి మళ్ళీ పటాలంలో కలిశారు. ఆ తర్వాత ఏడాదిన్నరకు కొండల్లో జరిగిన పోరులో పోయారు."

"సెలవిచ్చినా రాలేదా? ఎందుకు రాలేదండీ?" అని మాణిక్యాంబ యడిగెను.

"అది ఇందులో లేదమ్మా. సుబేదారు మొహిద్దీన్ గారని సామర్లకోటలో ఉన్నారు. ఆయనదీ అదే పటాలం, అదే ఆస్పత్రి. వారికి తెలియొచ్చు."

మరణించిన తేదీ చేతికి వచ్చెను గదా, ఇక నింటికి పోదము రమ్మని సీతాపతి యెంత బ్రతిమాలినను మాణిక్యాంబ వినక యా సాయంకాలమునకే సామర్లకోట చేరెను. ఏల వినును? తన మెడ బోసిపోయిన దినములలో తన భర్త యన్నము తినుచు నూపిరి పీల్చుచు నుండెనని తెలిసిన పిమ్మట నే యాడుదాని కాలు నిలుచును?

నెఱసిన గడ్డముతో వాకిట కూర్చుండియున్న మొహిద్దీన్ సంగతి వినినంతనే లేచి యామెకు పీట వేయించి చెప్పసాగెను.

"ఉన్నమాట చెబుతానమ్మా, ఏమీ అనుకోకండి. ఆస్పత్రిలో మా గోపాలరాజు 'నా చెయ్యి లేవటంలేదు, ఇంటికో ఉత్తరం రాసిపెట్టు భాయ్' అన్నాడు. నేను కలం తీశాను. అంతలో మీ పక్క ఊరి సిపాయి, కొత్తగా వచ్చినవాడు, ఈయన్ని చూసి బిక్కచచ్చిపోయాడు. 'తమరికి కర్మ జరిగిపోయింది గదండీ! అమ్మగారి బొట్టు కూడా తీసేశారు' అన్నాడు. రెండు రోజులు మెతుకు ముట్టలేదమ్మా. ఆ తర్వాత 'కలం లోపల పెట్టెయ్ భాయ్. కర్మ జరిగినవాడు గుమ్మమెక్కితే ఇంటికి అరిష్టం. అన్నయ్య కూతురు కొత్త పెళ్ళికూతురు. మా ఆవిణ్ణి ఒకసారి ఏడిపించింది చాలు' అన్నాడు. ఎంత చెప్పినా వింటేనా!"

"నా మాట మళ్ళీ ఎప్పుడైనా అన్నారా?"

"ఎన్నిసార్లో! 'దానికి చీకటంటే భయం, పడకింట్లో దీపం పెట్టుకుంటోందో లేదో' అనేవాడు."

మాణిక్యాంబ కొంగు నోట గ్రుక్కుకొనెను.

మఱునాడు గ్రామము చేరునప్పటికి అచ్యుతరాజు వారు తెచ్చు తేదీనిబట్టి తిథి కట్టించుటకై పేరిశాస్త్రిని పిలిపించుకొని చావడిలో సిద్ధముగ నుండెను. సీతాపతి జరిగినదంతయు దాచక చెప్పెను. వినుచున్నకొలది ఆ పెద్దమనిషి మొగమున కత్తివేటునకు నెత్తురుచుక్క లేకపోయెను. ఎట్టకేలకు ఊతకఱ్ఱ వెదకికొనువాని చందమున శాస్త్రివంక దిరిగి,

"వాడన్నది నిజమేగా శాస్త్రిగారూ? కర్మ జరిగినవాడు తిరిగొస్తే అరిష్టమేగా?" అనెను.

"అరిష్టమేమిటండీ! దానికీ విధి ఉంది. స్నానం చేయించి, పసిబిడ్డకు చేసినట్టు జాతకర్మ చేసి, మళ్ళీ పేరు పెట్టి, ఆ భార్య మెడలోనే మళ్ళీ తాళి కట్టిస్తాం. ఒక్క పూట పని."

"మరి ఆనాడే చెప్పలేదేమయ్యా?"

"చెప్పనిచ్చారా అండీ తమరు?"

అహహా, ఒక్క పూట పని! ఆ పాటి మాట యెవ్వరో యొక్కరు చెప్పియుండిన నా నిర్భాగ్యుడు రెక్కలు గట్టుకొని వచ్చి వ్రాలకపోవునా? అచ్యుతరాజు రెండు చేతులను మొగము గప్పుకొని చిన్నపిల్లవానివలె వెక్కివెక్కి యేడ్చెను. పిదప నెట్లో సంబాళించుకొని యిప్పటికైన తిథి కట్టుడని వేడుకొనగా శాస్త్రి పాత పంచాంగము దీసి జ్యేష్ఠ బహుళ ఏకాదశి యని తేల్చి యది వచ్చుట కాఱుమాసములు గలవని చెప్పెను.

అప్పుడు, కాపురమునకు వచ్చిననాటినుండియు బావగారితో తలుపుచాటుననే మాటలాడిన మాణిక్యాంబ చావడిలోనికి వచ్చి యెదుట నిలిచెను.

"బావగారూ, ఆ రోజొచ్చేదాకా ఆయన ఉన్నట్టేనండీ. మనిషి ఉండగానే ఏడాదిన్నరకు పైగా నా బొట్టు లేకుండా చేశారు. ఈ ఆరు నెలలైనా నన్ను పెట్టుకోనివ్వండి."

లోకులేమందురను మాట యాయన నాలుకచివఱ వఱకు వచ్చినదేమో మన మెఱుగము. "పెట్టుకో తల్లీ" యని మాత్ర మనెను.

ఊరు ఊరెల్ల గుసగుసలాడెను. పేరంటములకు బిలిచినవారు లేరు, ఎదురుపడి తప్పుకొననివారును లేరు. మాణిక్యాంబ యెవ్వరినేమియు ననక ప్రతిదినమును తలంటుకొని కుంకుమ దిద్దుకొని గాజులు గలగలలాడ వంట చేసికొని భోంచేసెను. జ్యేష్ఠ బహుళ ఏకాదశినాడు తెల్లవాఱుచుండగనే లేచి యెవ్వరిచేతను తాకింపక తన గాజులు తానే తీసి తన బొట్టు తానే కడిగికొని యచ్యుతరాజు పడకగుమ్మమున నిలిచి,

"బావగారూ, లేవండి. మీ తమ్ముడు పోయారు" అని చెప్పి, ఆ యింట నెన్నడు నెవ్వరును విననంత బిగ్గఱగ నేడ్చెను.