తలూపని మొగుడు

మా ఆయనకు వీధిలో ‘సరేగారు’ అని పేరు. నేనేం చెప్పినా గంగిరెద్దులా తలూపుతారు. ఇల్లు మారదామన్నా ఊపారు, కర్టెన్లకు నీలం రంగన్నా ఊపారు. గడియారాలు బాగుచేసే మనిషి. రోజంతా కొట్టులో కంటికి భూతద్దం తగిలించుకుని మెడ వంచుకుని కూర్చుంటారు. పెళ్లయ్యాక ఆయన ముఖం కంటే నడినెత్తినే నేనెక్కువగా చూశాను.

ఆ మెడే చివరికి మొరాయించింది. కుడి భుజం నుంచి బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. వేలు మొద్దుబారి, నువ్వుగింజంత స్క్రూ చేతిలో ఉందో జారిందో తెలిసేది కాదు. మందులు, వ్యాయామాలు నెలల తరబడి చేయించాను, లాభం లేక ఆపరేషను దాకా వచ్చింది. ఇక కొట్టు మా తమ్ముడికి ఇచ్చేద్దామని నేనే తేల్చేశాను. వాడు అందులో ఫోన్లు అమ్ముకుంటాడు, ఈయన ఇంట్లో సుఖంగా ఉంటారు. ఆ మాటే చెప్పాను. తలూపారు.

ఆపరేషను చేసే డాక్టరమ్మ స్కాన్ చూపిస్తూ విడమరిచి చెప్పింది. అరిగిపోయిన డిస్కు తీసేసి, రెండెముకల మధ్య చిన్న దిమ్మ పెట్టి, పైన లోహపు పలక బిగిస్తారట. కొన్ని నెలలకు రెండూ ఒకే ఎముకగా అతుక్కుంటాయట.

“చేతి నొప్పి చాలామందికి తగ్గిపోతుంది. తిమ్మిరి మాత్రం నిదానంగా తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు కూడా. కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. ఇన్‌ఫెక్షను రావడం, నరానికి దెబ్బ తగలడం అరుదే, కానీ అసలు జరగవని చెప్పను. ఎముక అతుక్కోకపోతే మళ్లీ చేయాల్సి రావచ్చు. ముందు ముందు పక్క డిస్కు కూడా అరగొచ్చు.”

ఒక్కో ప్రమాదానికీ ఈయన ఒక్కో ఊపు.

“అలా ఊపితే సంతకం పెట్టించుకోను. ఏం అర్థమైందో మీ నోటితో చెప్పండి,” అంది డాక్టరమ్మ.

“పలకకి స్క్రూలెన్ని?” అన్నారు ఈయన.

“నాలుగు.”

“వదులైతే?”

“అరుదు. అందుకే మధ్య మధ్య ఎక్స్‌రే తీసి చూస్తాం.”

“అయితే మీదీ మా పనే,” అని సంతకం పెట్టేశారు.

ఆపరేషను బాగానే జరిగింది. మర్నాటికి చేతి నొప్పి మాయమైంది కానీ, బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. గొంతు బొంగురుపోయింది. మెడ చుట్టూ గడ్డం దాకా గట్టి కాలరు.

మధ్యాహ్నం మా తమ్ముడొచ్చాడు. పలకరింపులు అయ్యాయో లేదో జేబులోంచి కొలతల టేపు తీశాడు.

“బావగారూ, తాళం ఇస్తే రేపు కొట్టు కొలుచుకుంటాను. మీరు సరేనన్నారని అక్క చెప్పింది.”

మా ఆయన తలూపబోయారు. కాలరు ఊపనివ్వలేదు. ఇక గత్యంతరం లేక నోరు తెరిచారు.

“కుదరదు.”

నేనే సరిగా వినలేదనుకున్నాను. “ఏమన్నారు?”

“కొట్టు ఇవ్వను.”

“మరి నేను చెప్పినప్పుడు తలూపారుగా?”

“విన్నానని ఊపాను. సరేనని కాదు.”

నాకు ఒళ్లు మండింది. ఇల్లు, కర్టెన్లు, ఇన్నేళ్ల ఊపులన్నీ కళ్లముందు గిర్రున తిరిగాయి. ఎదురుచెప్పని మొగుడు దొరికాడని మురిసిపోయానే తప్ప, ఆయనకేం కావాలో ఒక్కసారీ అడగలేదు. ఆపరేషను ఆయనకు, మింగుడు పడనిది నాకు.

“వేలికి స్పర్శ రాకపోతే ఏం చేస్తారు?” అన్నాను. అసలు నా భయమంతా అదే.

“గోడ గడియారాలు చేస్తా. వాటి స్క్రూలు పెద్దవి.”

నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. అయినా అడగాల్సింది ఇంకొకటి ఉంది.

“పెళ్లిచూపుల్లో ‘మా అమ్మాయి నచ్చిందా’ అని మా నాన్న అడిగినప్పుడూ తలేగా ఊపారు?”

ఆయన అవస్థపడి ఓ గుటక వేశారు.

“అప్పుడు నచ్చిందని నోటితోనే చెప్పా. నువ్వు మాట్లాడుతున్నావు, ఎవరికీ వినపడలేదు.”

“టేపు చుట్టెయ్యరా,” అన్నాను తమ్ముడితో. “నీకు ఇంకో కొట్టు చూద్దాం.”