మత్తయి కట్టిన రాళ్లు

సముద్రపు ఎండునాచు ముక్కను క్లిప్పుతో తొట్టె అద్దానికి తగిలించి, పుష్పలత ఐదు నిమిషాలు అక్కడే నిలబడింది. పసుపు టాంగ్ చేప రాలేదు.

ఆరేళ్లలో ఎన్నడూ అలా జరగలేదు. పొద్దస్తమానం రాళ్ల మీది పాచి గీక్కు తింటూ, నాచు కనబడితే చాలు మేకలా ఎగబడే చేప అది. అరచేయంత ఉంటుంది. తెనాలిలో వాళ్ల ముందుగదిని సగం ఆక్రమించిన ఆ ఉప్పునీటి తొట్టె, అందులో మెత్తటి పగడాలు పెరిగిన రాళ్లు, ఆ ఒక్క చేప ఆమె భర్త మత్తయికి ప్రాణం. అతను రేపల్లె అవతల బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ఈసారి బోటుతోపాటే సముద్రం మీదికి వెళ్లాడు. వారం దాకా ఫోను అందదు. వెళ్తూ ఒకటే చెప్పాడు: "నాచు పెట్టు చాలు. రాళ్ల జోలికి మాత్రం పోమాక."

బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి అలిసి వచ్చే పుష్పలతకు ఆ తొట్టె మీద పెద్ద ప్రేమేమీ లేదు. అయినా వంగి, రాళ్ల సందులోకి టార్చి వేసింది. చేప ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి.

బాపట్లలో రంగుచేపల దుకాణం నడిపే కృష్ణకాంత్‌కు వీడియో కాల్ చేసి చూపించింది.

"తెల్లమచ్చల జబ్బు వదినా. మొప్పల్లోకి దిగినట్టుంది. ఇవాళ మందు పడకపోతే కష్టం."

"ఏ మందో చెప్పు, తొట్టెలో పోసేస్తాను."

"అమ్మో! పోస్తే పగడాలన్నీ చస్తాయండి. చేపను పట్టి వేరే టబ్బులో వెయ్యాలి. నేను మందు తీసుకుని రైలెక్కుతున్నా, ఈలోపు మీరు పట్టండి. వల వద్దు. తోక దగ్గర చాకులాంటి ముల్లుంటుంది, చిక్కుకుపోద్ది. ప్లాస్టిక్ డబ్బాతో పట్టండి."

టబ్బులో తొట్టె నీళ్లే నింపి, గాలి మోటారు పెట్టింది. గంటసేపు డబ్బా పట్టుకుని తంటాలు పడింది. చేప గుహలాంటి సందులోకి దూరి కదల్లేదు. రాళ్లు తీస్తే తప్ప దొరకదు. మత్తయికి ఫోను కలపబోయింది. అందుబాటులో లేరంది. ఏళ్ల తరబడి ఒక్కో రాయీ తిప్పి తిప్పి చూసి అతను పేర్చుకున్న గుట్ట అది. తీస్తే తిడతాడు. తీయకపోతే చేప పోతుంది.

"ప్రభువా," అనుకుని చేతులు మోచేతులదాకా తొట్టెలోకి దింపింది.

రెండు రాళ్లు బాగానే వచ్చాయి. మూడోది కదిలించగానే గుట్టంతా ఒక్కసారిగా జారింది. ఊదారంగు పగడం ఒకటి పెచ్చులా ఊడొచ్చింది. నీళ్లు బురదయ్యాయి. చేప కనబడలేదు.

నలిగిపోయిందనే అనుకుంది. బురద కాస్త తేరుకున్నాక, మూలన అద్దానికి ఆనుకుని పసుపురంగు మెరిసింది. డబ్బా దాని కిందికి తోసి, రెండో చెయ్యి మూతలా అడ్డం పెట్టింది. చేప తోక విసిరింది. అరచెయ్యి చర్రున తెగింది. వదల్లేదు. నెత్తురు కారుతుండగానే టబ్బులోకి వదిలి, అప్పుడు నేలమీద కూలబడింది.

కృష్ణకాంత్ వచ్చి మందు కొలిచి పోశాడు. ఆమె చెయ్యి చూసి, "ముందు ఆస్పత్రికి పదండి వదినా," అన్నాడు. మూడు కుట్లు పడ్డాయి.

నాలుగు రోజులు చేప టబ్బు అడుగునే పడి ఉంది. ఆమె సెలవు పెట్టి, రోజూ తాజా నాచు తగిలించి, నానిపోయింది తీసేసేది. ఐదోనాడు మధ్యాహ్నం అది మెల్లగా పైకి వచ్చి, అంచు కొరికి, వెనక్కి తగ్గి, మళ్లీ కొరికింది. పుష్పలత ఒక్కతే గదిలో పకపకా నవ్వింది.

మత్తయి వచ్చి, కూలిన రాళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటే ఇది?"

"నేనే తీశానండి. తీయకపోతే చచ్చిపోయేది."

ఊడిన పగడాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం ముడుచుకుపోయింది. తర్వాత టబ్బు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేప నాచు పీకుతోంది.

"ఎట్టా పట్టావే? ఒకసారి చెయ్యి పెడితే నాకే దొరకలా," అన్నాడు చివరికి.

ఆమె మొదటినుంచీ చెప్పింది. గుట్ట జారిన సంగతి కూడా దాచలేదు.